నేలలోని కర్బనము

“ధ్రువమున మంచు కరగిన నంద్యాల రైతునకేమి?” యని యడుగువారు కలరు. ఉత్తర ధ్రువప్రాంతపు గడ్డకట్టిన నేలలో సుమారు 1,50,000 కోట్ల టన్నుల కర్బనము కలదు. వాయుమండలమున నున్నదానికిది దాదాపు రెట్టింపు. చలి సడలినకొలది సూక్ష్మజీవులు దానిని భుజించి బొగ్గుపులుసు వాయువుగను, నీరు నిలిచినచోట మీథేనుగను విడుచుచున్నవి. ఆ వేడిమి లోకమునకెల్ల చేటు.

మన నంద్యాల, ఆళ్లగడ్డల రేగడిలోను పనిచేయునవి సూక్ష్మజీవులే. ఇచట వాని నణచు చలి లేదు. తడి తగిలిన చాలును, వేసిన పెంటయెరువును వేగముగ హరించును. కావున నేటేట కర్బనము సమకూర్పవలసినదే. అట్టిచో పత్తికట్టెను పొలముననే తగులబెట్టుట నేలతల్లి కూటిని బూడిదపాలు చేయుటయని మా యభిప్రాయము.

2015లో నారంభమైన భూసార పత్రములలో సేంద్రియ కర్బనమునకొక గడి కలదు. 1906లో వెలసిన వ్యవసాయ పరిశోధనక్షేత్రము నంద్యాలలోనే యున్నది. ఆ గడిలోని యంకెకు అర్థమేమో చేనిగట్టున నిలిచి ఆళ్లగడ్డ రైతునకు చెప్పువారెవ్వరు?