ములాఖత్‌కి ఎంత దూరం?

మా తొర్రూరు వాళ్లకి పెద్ద జైలంటే వరంగల్లే. పొద్దున బస్సెక్కితే లోపలున్న పెద్దాయన్ని చూసి దీపాలవేళకి ఇల్లు చేరేవాళ్లు. 2021 జూన్‌లో ఆ సెంట్రల్ జైలుని పెద్దాసుపత్రి కోసం ఖాళీ చేయించి పడగొట్టారు. ఖైదీల్ని చర్లపల్లి వంటి దూరపు జైళ్లకి పంపారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? ముసలి ఖైదీ సంగతి ఎవరైనా ఆలోచించారా అన్నదే నా అనుమానం.

ఆ వయసులో జబ్బు ముందు మాటలో, నడకలో తెలుస్తుంది. కనిపెట్టేది ఇంట్లోవాళ్లే. వరంగల్లులో పాఠాలు చెప్పిన వరవరరావుగారినే చూడండి. (ఆయన రాజకీయాలు నచ్చకపోతే పక్కన పెట్టండి.) 2020 జూలైలో, 79 ఏళ్ల వయసులో, తలోజా జైలు నుంచి ఫోన్ చేస్తే, పొంతనలేని ఆ మాటలు విని కంగారుపడింది భార్య హేమలతగారు. కుటుంబం పత్రికల ముందుకొచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు అనారోగ్యం దృష్ట్యా బెయిలిచ్చింది.

పేరున్న మనిషి కాబట్టి నలుగురూ విన్నారు. మన వీధి ముసలాయనకి కళ్లజోడు పగిలినా, కట్టుడుపళ్లు ఊడినా ఇంటికి తెలిసేదెలా? ములాఖత్తే దిక్కు. అందుకే అరవై దాటినవాళ్లని ఇంటికి దగ్గరి జైల్లో ఉంచాలి. కుదరదంటే బీపీ, షుగర్ చీటీ నెలనెలా ఇంటికి పంపాలి. ఖైదీలకి లాయరుని న్యాయసేవాధికార సంస్థ ఉచితంగానే పెడుతుంది. అక్కడికి వెళ్లేటప్పుడు ఆయన పాత మందుల చీటీలు మర్చిపోకండి.