ఫార్మాట్ కొట్టే ముందు

కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ (కేజీఎఫ్)లోని రాబర్ట్‌సన్‌పేటలో పెళ్ళిపత్రికలు కూర్చే డీటీపీ మనిషికి మూడు భాషలు చేతిలో ఉండాలి. పొద్దున తెలుగు పత్రిక, మధ్యాహ్నం తమిళం, సాయంత్రం కన్నడం. ఏళ్ళ తరబడి ఆ పని చేశాక కంప్యూటరు కూడా అతని చేతివాటానికి అలవాటు పడుతుంది. తనకు నచ్చిన షార్ట్‌కట్లు, ఊళ్ళ పేర్లు తప్పు పడితే దిద్దే జాబితా, పాస్‌పోర్టు ఫొటోను ఒక్క మీటతో ఎనిమిది చేసే ఫొటోషాప్ యాక్షన్ అన్నీ అందులో కుదురుకుంటాయి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. దాంతో పాత సిస్టంలను ఫార్మాట్ కొట్టించే పని, కొత్తవి కొనే పని ఎక్కువైంది. సర్వీసు కుర్రాడు ఎప్పుడూ చెప్పే మాట ఒకటే: డీ డ్రైవ్‌లో ఉన్నదేమీ పోదు. అది నిజమే. కానీ పైన చెప్పిన అలవాట్లేవీ డీ డ్రైవ్‌లో ఉండవు.

అవి ఉండేది సీ డ్రైవ్‌లో. యూజర్స్ ఫోల్డర్‌లో వాడేవారి పేరు కింద యాప్‌డేటా అనే ఫోల్డర్ ఉంటుంది. మామూలుగా అది కంటికి కనబడదు. విండోస్ మీటతో ఆర్ నొక్కి, వచ్చిన పెట్టెలో ఇంగ్లీషు అక్షరాల్లో యాప్‌డేటా అని ముందూ వెనకా శాతం గుర్తులు పెట్టి కొడితే, దాని లోపలి రోమింగ్ ఫోల్డర్ నేరుగా తెరుచుకుంటుంది. ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ మొజిల్లా ఫోల్డర్‌లో ఉంటుంది. వర్డ్‌కు నేర్పిన మాటల నిఘంటువు మైక్రోసాఫ్ట్ ఫోల్డర్‌లోని యూప్రూఫ్‌లో, తప్పులు దిద్దే జాబితాలు ఆఫీస్ ఫోల్డర్‌లో ఉంటాయి. ఈ జాబితాల ఫైలు పేరులో భాష అంకె ఉంటుంది. విండోస్ లెక్కలో తమిళం 1097, తెలుగు 1098, కన్నడం 1099. కేజీఎఫ్ వీధుల్లో పక్కపక్కనే వినబడే మూడు భాషలూ అక్కడా వరుసగానే నిలబడ్డాయి.

మ్యాక్‌లో ఇవి యూజర్ లైబ్రరీలోని ప్రిఫరెన్సెస్, అప్లికేషన్ సపోర్ట్ ఫోల్డర్లలో ఉంటాయి. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే పేర్ల వెనక ఉంటాయి.

కాపీ చేసే ముందు ఆ ప్రోగ్రామును మూసెయ్యాలి, ఎందుకంటే చాలా ప్రోగ్రాములు మూసేటప్పుడే సెట్టింగులు రాస్తాయి. యాప్‌డేటా మొత్తాన్ని ఎత్తి కొత్త సిస్టంలో కుమ్మరించడం మాత్రం మంచిది కాదు. పాత వెర్షన్ ఫైళ్ళు కొత్త ప్రోగ్రాముకు ఎక్కి గందరగోళం చేస్తాయి. ప్రోగ్రాములోనే ఎక్స్‌పోర్ట్ సదుపాయం ఉంటే అదే ఉత్తమం. ఫొటోషాప్ యాక్షన్లను విడి ఫైలుగా సేవ్ చేసుకోవచ్చు. కొన్ని ప్రోగ్రాములు సెట్టింగులను ఫైల్లో కాక రిజిస్ట్రీలో దాస్తాయి. వాటిని రెజ్‌ఎడిట్‌తో విడిగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి.

పొరపాటున చెరపకుండా ఈ ఫైళ్ళను దాచడంలో తప్పులేదు. అసలు తప్పు, అవి ఉన్నాయని వాడేవాడికి ఎవరూ చెప్పకపోవడం. ప్రతి ప్రోగ్రామూ తన సెట్టింగులను ఒకే మెనూ నుంచి బయటికి ఇవ్వగలగాలి. ఫార్మాట్ కొట్టే కుర్రాడు కూడా ఫొటోలు, డాక్యుమెంట్ల గురించి అడిగినట్టే రోజూ వాడే ప్రోగ్రాములేవో అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే డీటీపీ మనిషికి ఎన్నో రోజుల కష్టం తప్పుతుంది.

2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడ్డాక బతుకుతెరువుకు రోజూ బెంగళూరు రైలెక్కే ఊరైంది కేజీఎఫ్. అలా వెళ్ళేవాళ్ళలో ఆఫీసు ల్యాప్‌టాప్ మీద పనిచేసేవారు ఉద్యోగం మారేనాడు దాన్ని తిరిగి ఇచ్చేస్తారు. ఆఫీసు నియమాలు ఒప్పుకునే మేరకు సొంత షార్ట్‌కట్లను, నిఘంటువును ముందే అడిగి తీసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లో తేదీ వేసిన ఫోల్డర్ చాలు. దాన్ని ఒకసారి వేరే సిస్టంలో తెరిచి, మాటలన్నీ వచ్చాయో లేదో చూసుకున్నాకే పాత యంత్రాన్ని ఇచ్చెయ్యాలి.