తెలియని నంబరు ఎత్తుతారా?

మా వారి ఫోన్ నంబరు నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ప్రేమతో కాదు లెండి. సూపర్‌మార్కెట్లో బిల్లు వేసేటప్పుడు "మొబైల్ నంబర్ మేడమ్?" అంటే చెప్పేది అదే. గ్యాస్ బుకింగుకి అదే, పిల్లల కాలేజీలో ఇచ్చిందీ అదే. చెప్పీ చెప్పీ నోటికి వచ్చేసింది. అది తప్ప ఇంకొక్క నంబరు కూడా నాకు గుర్తులేదని తెలిసింది మాత్రం మొన్న కార్తీకమాసంలోనే. ఇటార్సీ దాటాక, తెల్లవారుజామున, నడుస్తున్న రైల్లో.

అత్తయ్యకి డెబ్భై నాలుగేళ్లు. కాశీ చూడాలని ఎన్నాళ్లుగానో అంటున్నారు. మా వారికి సెలవు దొరకలేదు. "మనిద్దరం వెళ్లలేమా ఏం?" అన్నారు అత్తయ్య. వెళ్లాం. ఐదు రోజులు హాయిగా గడిచాయి. తిరుగు ప్రయాణానికి మొగల్‌సరాయ్‌లో ఎక్కాం. 2018లో ఆ స్టేషను పేరు పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అయింది గానీ, మమ్మల్ని తీసుకొచ్చిన ఆటో అతను మొగల్‌సరాయ్ అనే అన్నాడు.

స్లీపర్ క్లాసు. మాకు బెర్తులున్నాయి, బోగీలో చాలామందికి లేవు. బీహార్ నుంచి హైదరాబాదుకి సెంట్రింగ్ పనికి, రంగుల పనికి వెళ్లే కుర్రాళ్లు నడవలో, తలుపుల దగ్గర, మా బెర్తు చివర కూర్చున్నారు. నిజం చెప్తున్నా, నాకు చిరాకేసింది. చిరాకు కంటే భయం ఎక్కువ. "అత్తయ్యా, బ్యాగు జాగ్రత్త" అని పైకే అని, నా హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కున్నాను. వాళ్లకి తెలుగు రాకపోయినా అది అర్థం కాకుండా ఉండదు. ఒకబ్బాయి లేచి, కాస్త దూరం జరిగి కింద కూర్చున్నాడు.

రాత్రి బ్యాగు తలకింద పెట్టుకునే పడుకున్నాను. నాలుగున్నరకి అత్తయ్య బాత్రూముకి వెళ్లాలన్నారు. ఊగే రైల్లో ఆవిణ్ణి ఒంటరిగా ఎలా పంపుతాం? బ్యాగు మీద దుప్పటి కప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని వెళ్లాను. ఐదు నిమిషాలు. తిరిగొచ్చేసరికి దుప్పటి ఉంది, బ్యాగు లేదు.

ఫోను, పర్సు, ఇద్దరి ఆధార్ కార్డులు, ఏటీఎం కార్డు, ఇంటి తాళాలు అన్నీ అందులోనే. టికెట్టు కూడా ఫోనులోనే. డబ్బు పోయిందన్న బాధ తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది వేరే భయం. ఆన్‌లైన్ టికెట్టు మీద వెళ్లేవాళ్లలో ఒక్కరైనా అసలు గుర్తింపు కార్డు చూపించాలి, లేకపోతే టికెట్టు లేనట్టే లెక్క. మరి ఇప్పుడు నేను నేనేనని ఎవరికి, ఎలా చెప్పుకోవాలి?

ఎదుటి బెర్తులో చంటిపిల్లతో ఉన్న అమ్మాయి ముందు లేచింది. "ఏమైంది దీదీ?" అంది. సీరియళ్లు చూసి నేర్చుకున్న నా హిందీ ఆ సమయంలో నోట్లోకి రాలేదు. అత్తయ్య ఖాళీ చోటు చూపించి ఏడ్చేశారు. పైబెర్తు మీద ఒక తెలుగు పెద్దమనిషి ఉన్నారు. "ఇంత అజాగ్రత్త అయితే ఎలాగమ్మా, విలువైనవి ఒంటి మీదే ఉంచుకోవాలి కదా" అని చెప్పి అటు తిరిగి పడుకున్నారు. ఆయన అన్నది తప్పేం కాదు. కానీ ఆ గంటలో ఆ మాట నాకు దేనికీ పనికి రాలేదు.

సాయంత్రం దూరం జరిగి కూర్చున్నాడే, ఆ కుర్రాడు ఏమీ అడగలేదు. తన స్నేహితులిద్దర్ని లేపాడు. ఒకడు ముందు బోగీల వైపు, ఇంకొకడు వెనక వైపు పరుగెత్తారు. దొంగలు డబ్బు, ఫోను తీసుకుని బ్యాగు టాయిలెట్లో పడేస్తారట, ఆ సంగతి వాళ్లకి తెలుసు. పావుగంటలో నా బ్యాగు తెచ్చారు. ఫోను లేదు, కార్డులతో సహా పర్సు లేదు. ఇంటి తాళాలు, అన్నపూర్ణమ్మ గుడి కుంకుమ పొట్లం మిగిలాయి.

ఈలోగా ఆ కుర్రాడు తన ఫోను నా చేతిలో పెట్టాడు. నాకొచ్చిన ఒకే ఒక్క నంబరు నొక్కాను. మా వారు ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఎలా ఎత్తుతారు? "తెలియని నంబరు ఎత్తకండి, అన్నీ మోసాలే" అని ఆయనకి పదిసార్లు చెప్పింది నేనే. ఏడోసారి ఎత్తి, నా గొంతు విన్నాక కూడా "ఎవరు మీరు? మా ఆవిడే అయితే మన పెద్దాడు ఎక్కడ పుట్టాడో చెప్పు" అన్నారు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. జవాబు చెప్పాక ఆయన గొంతు మారిపోయింది. వెంటనే నా సిమ్ము, ఏటీఎం కార్డు బ్లాక్ చేయించే పనిలో పడ్డారు. దారి ఖర్చులకి ఆ కుర్రాడి నంబరుకి వెయ్యి రూపాయలు పంపారు. వాడు స్నేహితుల దగ్గర కూడా అడిగి వెయ్యి పోగుచేసి, నా ముందే లెక్కపెట్టి ఇచ్చాడు.

"టీసీ వచ్చి అడగకముందే మీరే వెళ్లి చెప్పండి ఆంటీ" అన్నది కూడా వాడే. నాగపూర్ దగ్గర పడుతుండగా టీసీ గారు కనిపిస్తే వణుకుతూ చెప్పాను. నా ఆధార్ ఫోనులో తెప్పించుకుందామంటే ఓటీపీ నా నంబరుకే వస్తుంది, ఆ ఫోనేమో దొంగ దగ్గరుంది. ఆయన ఛార్టులో మా పేర్లు చూసుకుని, "ఆధారే అక్కర్లేదమ్మా. ఓటర్ కార్డు, పాన్, ఫోటో ఉన్న ప్రభుత్వ బ్యాంకు పాస్‌బుక్కు, ఏదైనా సరే" అన్నారు. పాస్‌బుక్కు అనగానే అత్తయ్య కళ్లు తుడుచుకుని, నడుముకి కట్టుకున్న గుడ్డసంచి విప్పారు. మావయ్య పోయాక వచ్చే పెన్షను పాస్‌బుక్కు, ఫోటోతో సహా! "కాశీకి పాస్‌బుక్కెందుకమ్మా" అని బయల్దేరేటప్పుడు కొడుకు నవ్వితే, "నా దగ్గరుంటే నీకేం" అన్నారావిడ. ఇద్దరిదీ ఒకే టికెట్టు కాబట్టి ఒక్కరి గుర్తింపు చాలు. టీసీ గారు ఫిర్యాదు ఫారం కూడా ఇచ్చారు. దాన్ని నింపడానికి రైలు దిగక్కర్లేదట. నాగపూర్‌లో రైల్వే పోలీసులు బోగీకే వచ్చి తీసుకున్నారు.

ఆయన నిబంధనేమీ మీరలేదు. అదే పుస్తకం చూసి జరిమానా కూడా రాయొచ్చు. అందులోనే మాకు దారి వెతికి పెట్టారు. అందుకు ఆయనకి ఖర్చయింది పది నిమిషాలు. నా దృష్టిలో అంతకన్నా పెద్ద దయ లేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది రాయడానికి కారణం ఆ రైలు కాదు, మా హనుమకొండ బస్టాండు.

పోయినేడాది ఒక సాయంత్రం బస్టాండులో ఒకావిడ నా దగ్గరికి వచ్చింది. చంకలో పిల్లాడు. పర్సు పోయిందనీ, కరీంనగర్ వెళ్లాలనీ, బస్సు ఛార్జీ ఇప్పించమనీ అడిగింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కదా! "బస్సు ఫ్రీ అయితే నీకు డబ్బులెందుకమ్మా?" అన్నాను, దొంగని పట్టుకున్నంత గర్వంగా. ఆవిడ ఇంకేం మాట్లాడకుండా వెళ్లిపోయింది. ఇంటికొచ్చి మా వారికి చెప్పి నవ్వుకున్నాను కూడా.

రైల్లో కార్డు లేకుండా కూర్చున్నప్పుడు తట్టింది. ఆ జీరో టికెట్టు ఇవ్వాలంటే కండక్టరుకి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించాలి. పర్సుతో పాటు ఆధార్ పోయినావిడకి బస్సు ఫ్రీ కాదు. ఆవిడ నిజమే చెప్పి ఉండొచ్చు. అబద్ధమూ కావచ్చు. ఏదో నాకు ఎప్పటికీ తెలీదు. కానీ తెలుసుకోవాలంటే ఆవేళ నాకు పెద్ద కష్టమేం కాదు. ఆవిడతో బస్సు దాకా నాలుగడుగులు వేసి, కండక్టరుకి డబ్బిచ్చి కరీంనగర్‌కి టికెట్టు కొట్టించి ఉంటే సరిపోయేది. అబద్ధమైతే ఆవిడే మధ్యలో తప్పుకునేది.

ఈ మాట అంటే మా చెల్లెలు ఒప్పుకోలేదు. "నీకు మంచివాళ్లు దొరికారు కాబట్టి అంటున్నావు. ఆ రైల్లో దొంగ కూడా ఉన్నాడుగా" అంది. ఉన్నాడు, కాదనను. దొంగ ఒక్కడు. వెతికిన కుర్రాళ్లు ముగ్గురు, అత్తయ్యని పక్కన కూర్చోబెట్టుకుని టీ తాగించిన పిల్లతల్లి, టీసీ గారు, అందరూ కలిపి ఐదుగురు. ప్రతి రైల్లోనూ లెక్క ఇలాగే ఉంటుందని నేననను. కానీ ఆ ఒక్కడి కోసం జాగ్రత్త పడుతూ, మిగతా ఐదుగుర్నీ కూడా వాడి లెక్కలోనే వేసేశాను. చిత్రమేమిటంటే, నేను భయపడినవాళ్లే నాకోసం పరుగెత్తారు. ఊరుకాని ఊళ్లో చేతిలో కాగితం లేకపోతే మనిషి పరిస్థితి ఏమిటో, పనుల కోసం ఊళ్లు తిరిగే ఆ పిల్లలకి నాకంటే బాగా తెలుసేమో.

నమ్మడం వేరు, డబ్బు చేతిలో పెట్టడం వేరు. మోసపోతామన్న భయంతో మనం మొదటిది కూడా మానేస్తున్నాం. సాయం అంటే పర్సు తియ్యడమే అనుకుంటాం కాబట్టి ఆ భయం. నేనిప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది. డబ్బు ఇవ్వను, టికెట్టు కొనిపెడతాను. ఫోను చేతికివ్వడానికి భయమైతే, వాళ్లు చెప్పిన నంబరు నేనే నొక్కి స్పీకర్లో పెడతాను. రైలయితే 139కి చేస్తాను, స్టేషనయితే రైల్వే పోలీసుల దగ్గరికి తోడు వెళ్తాను. "ఎలా పోగొట్టుకున్నావు?" అని మాత్రం అడగను. ఆ ప్రశ్న వాళ్లని వాళ్లే అప్పటికి వందసార్లు అడుక్కుని ఉంటారు.

మన జాగ్రత్త కూడా చెప్పాలి కదా. ఇద్దరు ప్రయాణిస్తే ఇద్దరి కార్డులూ ఒకే బ్యాగులో పెట్టకండి. మూడు నంబర్లు కాగితం మీద రాసి జాకెట్టు లోపలో, మందుల డబ్బాలోనో ఉంచుకోండి. అన్నీ మీ వారి నంబరు మీదే కాకుండా, మీ పేరున డిజిలాకర్ తెరుచుకోండి. అందులోని ఆధార్‌ని రైల్లో ఒప్పుకుంటారు. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు కాపీతో సంచార్ సాథీ సైటులో దాన్ని పనిచేయకుండా చేయించొచ్చు. ఖాతాలోంచి డబ్బు లాగితే వెంటనే 1930కి చెప్పండి. పిల్లలు విదేశాల్లో ఉంటే, పాస్‌పోర్టు పోయినప్పుడు అక్కడి పోలీసు ఫిర్యాదుతో మన ఎంబసీకి వెళ్లాలనీ, ఇంటికి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారనీ ముందే చెప్పి ఉంచండి.

మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ "కొత్తవాళ్లతో మాట్లాడకు" అనే నేర్పాను. ఇప్పుడు ఇంకోమాట కలిపాను. కష్టం వస్తే ఎవరిని అడగాలో చూసుకుని, సిగ్గుపడకుండా అడుగు. ముందు పిల్లలతో ఉన్న ఆడవాళ్లని అడుగు. నిన్ను ఎవరైనా అడిగితే, నిలబడి విను.

కాజీపేటలో దిగేటప్పుడు అత్తయ్య ఆ చంటిపిల్ల చేతికి కాశీదారం కట్టారు. ఆ కుర్రాడు మా సంచులు దించి, రైలు కదులుతుంటే ఎక్కేశాడు. కొత్త ఫోను కొన్నాక మా వారి నంబరు తర్వాత నేను దాచుకున్నది వాడి నంబరే. క్షేమంగా చేరామని చెబితే, "దాదీ ఎలా ఉన్నారు?" అని అడిగాడు.

మా వారు ఇప్పటికీ తెలియని నంబరు మొదటిసారి ఎత్తరు. వెంటనే రెండోసారి మోగితే మాత్రం ఎత్తుతున్నారు. మరి మీ ఇంట్లో?