కలిసినవి చేతులా, కాగితాలా?

‘ప్రోగ్రెసివ్’ అన్న మాట చెవిన పడగానే మనవాళ్ళలో కొందరికి ప్రాణం లేచి వస్తుంది. ఇంగ్లండులో 1960ల చివర బయలుదేరిన వొక సంగీత ధోరణిని ‘ప్రోగ్రెసివ్ రాక్’ అన్నారు గనుక అది మన అభ్యుదయ సాహిత్యానికి దాయాది అవుతుందని వారి వూహ. అంతటితో ఆగినా బాగుండేది. మా ధూళిమిట్ట, మద్దూరు ప్రాంతాల విద్యార్థుల్లోనూ, కొందరు ఉపాధ్యాయుల్లోనూ మరొక వాదం వినవస్తున్నది. ‘యెస్’ అనే బృందం రెండుగా చీలి, తిరిగి ఏకమై, 1991లో ‘యూనియన్’ అనే రికార్డు వెలువరించిందట. చీలిన వాద్యకారులు ఏకం కాగలిగితే, చీలిన వామపక్షాలూ వాటి సాంస్కృతిక దళాలూ ఎందుకు కాలేవు అని వారి ప్రశ్న.

ప్రశ్న మంచిదే, ఉదాహరణే చెడ్డది. ఎంత చెడ్డదో తెలియాలంటే ఆ రికార్డు ఎట్లా పుట్టిందో చూడాలి.

జాన్ ఆండర్సన్, క్రిస్ స్క్వైర్ 1968లో లండనులో యీ బృందాన్ని స్థాపించారు. తొలి సంవత్సరాలలో వారు చేసిన పనిని చులకన చేయనక్కరలేదు. మూడు నిమిషాలలో ముగిసే అంగడి పాట కొలతను వారు ధిక్కరించారు. 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లో వొక్క పాటే రికార్డు వొక ముఖమంతా, సుమారు పందొమ్మిది నిమిషాలు, నడుస్తుంది. అయితే శిల్పంలో ధిక్కారం వేరు, జీవితంతో సంబంధం వేరు. ఆ పాటలలో కూలివాడు లేడు, సమ్మె లేదు. 1983లో ట్రెవర్ రాబిన్ వచ్చి చేరాక ఆ ధిక్కారమూ సడలింది. అమెరికాలో 1984 జనవరికి మొదటి స్థానానికెక్కిన వారి పాట పేరులోనే ‘ఓనర్’ అన్న మాట వుండడం కేవలం యాదృచ్ఛికమే గాని, తరువాతి కథకు బాగా అతుకుతుంది!

1988లో ఆండర్సన్ బయటికి వచ్చి, పాత మిత్రులైన బిల్ బ్రూఫర్డ్, రిక్ వేక్‌మన్, స్టీవ్ హౌలతో 1989లో వొక రికార్డు చేశాడు. దానిమీద ‘యెస్’ అని వేసుకోలేకపోయారు. నలుగురి యింటి పేర్లూ వరసగా వేసుకొన్నారు. కారణం? ఆ పేరుమీద హక్కు స్క్వైర్ పక్షానిది. వ్యవహారం న్యాయవాదుల దాకా పోయింది. బృందాన్ని స్థాపించిన యిద్దరిలో వొకడు, తన గొంతుతో ఆ పేరును లోకానికి వినిపించినవాడు, ఆ పేరు పెట్టుకొనడానికి అర్హుడు కాకపోయాడు.

ఆండర్సన్ పక్షం రెండవ రికార్డు మొదలుపెట్టింది. దానిలో అమ్ముడుపోగల పాట అరిస్టా కంపెనీకి కనబడలేదు. రాబిన్‌ను పాట అడిగారు. అక్కడినుంచి బేరం పెరిగి, రెండు పక్షాల సరుకునూ వొకే అట్టలో పెట్టి ‘యెస్’ అనే పేరుతో అమ్మాలని తీర్మానమైంది. ‘యూనియన్’ అంటే యిదీ. నాలుగు పాటలు స్క్వైర్, రాబిన్‌ల పక్షానివి, మిగిలినవి ఆండర్సన్ పక్షానివి. ఎనిమిదిమందీ కలిసి వాయించిన పాట అందులో వొక్కటి కూడా లేదు! అంతకన్నా ఘోరం మరొకటి వున్నది. జోనథన్ ఎలియాస్ నిర్మాతగా తయారైన పాటలలో హౌ, వేక్‌మన్‌లు వాయించిన భాగాలు అనేకం తీసివేసి, కూలికి వచ్చిన వాద్యకారులచేత తిరిగి వాయింపించారు. వేక్‌మన్ తరువాత యీ రికార్డుకు ‘ఆనియన్’ అని, అంటే ఉల్లిగడ్డ అని, పేరు పెట్టాడు. వింటే కన్నీళ్ళు వస్తాయి గనుక!

మన మిత్రులు ఐక్యత అని మెచ్చుకొంటున్నది దీన్నే. ఇక్కడ కలిసినవి వొప్పందాలు. మనుషులు వొక గదిలోనైనా కూర్చోలేదు.

‘పాశ్చాత్య పెట్టుబడి లోకంలో అంతే, మన పల్లెలో పాట ఎవరి సొత్తూ కాదు’ అని వెంటనే అనేవారున్నారు. యీ మాట కూడా నిజం కాదు. తెలంగాణ పల్లెల్లో చిందు భాగవతులకు మిరాశీ హక్కు వుండేది. ఏ వూళ్ళో ఏ కుటుంబం ఆట ఆడాలో, ఏ మాదిగ యిళ్ళ నుంచి కట్నం పుచ్చుకోవాలో ఆ హక్కే తేల్చేది. అన్నదమ్ములు భూమిని పంచుకొన్నట్టు వూళ్ళు పంచుకొనేవారు. అది భూస్వామ్య వ్యవస్థ కట్టిన కట్టు, కులం వేసిన ముడి. దాన్ని చూసి మురిసిపోయే వోపిక నాకు లేదు. కాని వొక తేడా గమనించండి. మిరాశీ గలవాడే ముఖానికి రంగు పూసుకొని, గజ్జె కట్టి, తెల్లవార్లూ ఆడవలసి వుండేది. హక్కూ శ్రమా వొక వొంటిమీదనే వుండేవి. పెట్టుబడి చేసిన పని ఆ రెంటినీ విడదీయడం. పేరు వొకరి దగ్గర, వేళ్ళు మరొకరివి, లాభం మూడవవాడిది. ‘యూనియన్’ రికార్డులో వేక్‌మన్ పేరు వున్నచోట వేక్‌మన్ చేతులు లేకపోవడం ఎవరి దుర్మార్గమూ కాదు. పేరు సరుకైనప్పుడు ప్రతిచోటా జరిగేదే అది.

ప్రతిచోటా అన్నాను. మన సభలను చూడండి. 1948 ఆగస్టు 27న రజాకార్లతో పోరాడి నేలకొరిగిన బైరాన్‌పల్లి వీరుల బురుజు మా ధూళిమిట్ట మండలంలోనే వున్నది. ఆ తరంలో పుట్టిన పాటకు మైకు లేదు. బండి యాదగిరి పాటను 1979లో తీసిన ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ పాడినప్పుడు కూడా గొంగడి కప్పుకొన్న వొక మనిషి, వొక గొంతు కళ్ళముందు కనిపించాయి. ఇవాళ అనేక వూరేగింపులలో ముందు నడిచే యువకుల మెడలో డప్పు వుంటున్నది, మోత మాత్రం వెనక వాహనం మీది పెట్టెల్లోంచి వస్తున్నది. పాట ఎప్పుడో ఎక్కడో రికార్డయింది. పాడినవాడెవరో నడిచేవారికి తెలియదు. అట్లాంటి రెండు దళాలను వొకే వేదిక ఎక్కించి, వొకే పాట పెట్టి, ‘చూశారా, ఐక్యత!’ అంటే నేను నమ్మను.

1943లో పుట్టిన ప్రజానాట్యమండలి పేరును యీనాడు సి.పి.ఐ. అనుబంధ కళాకారులూ ధరిస్తున్నారు, సి.పి.ఎం. అనుబంధ కళాకారులూ ధరిస్తున్నారు. పేరు ఎవరిదన్న ప్రశ్న మనకూ వున్నది. దానికి సమాధానం పై కమిటీల వుమ్మడి ప్రకటనలో వెదకడం ఆ రికార్డు కంపెనీ చేసిన పనే. రెండు మండళ్ళ పిల్లలూ వొక వూళ్ళో వారం రోజులు వుండి, ఆ వూరి కౌలురైతు చెప్పినది విని, కొత్త పాట వొకటి కట్టి, తప్పుపోయినచోట వొకరినొకరు దిద్దుకొని, ఆ రైతు ముందే పాడనివ్వండి. ఆ పాట బాగులేకపోవచ్చు. కాని దానిలో ఎవరి చేతులున్నాయో ఎవరూ వాదులాడనక్కరలేదు.

‘ఆ విదేశీ రొద మనకెందుకు?’ అనే పెద్దలకు వొక్క మాట. విద్యార్థులు దాన్ని చేతి ఫోనులో వింటూనే వున్నారు. వినవద్దని చెప్పేవాడి మాట వినరు. ఎట్లా తయారైందో చెప్పేవాడి మాట వింటారు.

ఇక ఆ ఐక్యత ఎంతకాలం నిలిచిందో కూడా చెప్పాలి. ఎనిమిదిమందీ కలిసి గుండ్రని వేదికమీద ఆడిన పర్యటన 1992లో ముగిసింది. 1994లో వచ్చిన తరువాతి రికార్డులో హౌ, వేక్‌మన్, బ్రూఫర్డ్ లేరు. స్క్వైర్ 2015లో మరణించాడు. 2017లో ఆండర్సన్, రాబిన్, వేక్‌మన్ వొక బృందంగా, హౌ, ఆలన్ వైట్ మరొక బృందంగా తిరుగుతుండగా, రెండు బృందాల గోడ పత్రికల మీదా ‘యెస్’ అన్న పేరే వున్నది.