పాత కారు ధర కాగితాల్లో ఉంది

బాలానగర్ పారిశ్రామికవాడలో నమూనా చేతికిస్తే అచ్చు అలాంటి భాగాన్నే లేత్ మీద తిప్పి ఇచ్చే పనివారికి కొదవ లేదు. సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968లో వెలసింది ఇక్కడే. షాఫ్టు అరిగినా, బుష్ పోయినా, గేరు పళ్లు విరిగినా పాత కార్ల యజమానులు దారి పట్టేది ఇటే. కారు నడవడానికి ఈ పనితనం వరమే. కారు అమ్మడానికి మాత్రం ఇదే ఎసరు పెట్టవచ్చునన్న సంగతి మన వర్తకులలో చాలామంది ఇంకా గుర్తించినట్లు లేదు.

అరుదైన కారును కొనేవాడు నడిచే బండికి డబ్బు ఇవ్వడు. ఫ్యాక్టరీ గేటు దాటిన నాడు ఏమేమి ఉన్నాయో అవే నేటికీ ఉన్నాయని రుజువు చూపితే దానికి ఇస్తాడు. మిర్చి లాట్‌కు శీతల గిడ్డంగి రసీదు ఎలాంటిదో ఇక్కడ కాగితాల కట్ట అలాంటిది. ఇంకా చెప్పాలంటే అంతకన్నా ఎక్కువ. రసీదు పోతే సరుకు చూసి ధర కట్టవచ్చు. ఇక్కడ కాగితం పోతే సరుకు ఏ రకమో తేల్చడమే కష్టం.

ఈ వ్యాపారానికి పుట్టిల్లు అమెరికా. 1960లలోను, 1970ల తొలి రోజుల్లోను రెండు తలుపుల మామూలు కారులో భారీ వి-8 ఇంజను బిగించి అమ్మిన వాటిని అక్కడ మజిల్ కార్లు అంటారు. బీమా ప్రీమియంలు, పొగ నిబంధనలు, 1973 చమురు సంక్షోభం వాటి ఉత్పత్తిని దాదాపు ముగించాయి. సరఫరా ఆగిన సరుకుకు గిరాకీ ఎలా పెరుగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

2020 జనవరి 10న ఫ్లోరిడాలోని కిసిమ్మీలో మీకమ్ సంస్థ వేలంలో 1968 ఫోర్డ్ మస్టాంగ్ ఒకటి కొనుగోలుదారు చెల్లించే కమీషనుతో కలిపి 37 లక్షల 40 వేల డాలర్లు పలికింది. ఆనాటి మారకంలో 26 కోట్ల రూపాయల పైమాటే. ‘బుల్లిట్’ చిత్రంలో స్టీవ్ మెక్వీన్ నడిపిన కారు అది. అమ్మిన కుటుంబం 1974లో పత్రిక ప్రకటన చూసి సుమారు 6 వేల డాలర్లకు కొన్నది. ఇంటి అవసరాలకు వాడి, తర్వాత షెడ్డులో పెట్టింది. 1977లో మెక్వీన్ స్వయంగా ఉత్తరం రాసి కారు తిరిగి ఇమ్మని అడిగాడు. యజమాని ఇవ్వలేదు. అయితే ఆ ఉత్తరాన్ని పారవేయనూ లేదు.

వేలానికి వచ్చినప్పుడు ఆ కారు రంగు వెలిసి, అక్కడక్కడ తుప్పు పట్టి ఉంది. నడిచేలా మరమ్మతు చేశారే తప్ప కొత్త రంగు కొట్టలేదు. షూటింగులో కెమెరా బిగించడానికి చేసిన వెల్డింగు గుర్తులు అలాగే ఉన్నాయి. మన దగ్గరైతే ఏ మేస్త్రీ అయినా వాటిని గ్రైండరు పెట్టి సాపు చేసి, పైన పుట్టీ పూసి, పని శుభ్రంగా చేశానని మురిసిపోయేవాడు. ఆ ఒక్క పూట పనితో ఎన్ని కోట్లు రాలిపోయేవో ఊహించుకోవచ్చు.

ఆ కారు గుర్తింపు సంఖ్య 8ఆర్02ఎస్125559. మొదటి 8 అంటే 1968 మోడల్. ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ. 02 అంటే ఫాస్ట్‌బ్యాక్ బాడీ. ఎస్ అంటే 390 ఇంజను. మిగిలినది వరుస సంఖ్య. చదవడం తెలిసినవాడికి ఈ సంఖ్యే సగం సాక్ష్యం. మిగతా సగం ఫ్యాక్టరీ పత్రాలు. క్రైస్లర్ కార్లలో అసెంబ్లీ లైను మీద వాడిన షీటు సీటు స్ప్రింగుల మధ్య దొరకడం కద్దు. కొన్ని షెవర్లే కార్లలో పెట్రోలు ట్యాంకు పైభాగాన అంటించి ఉంటుంది. సీటు కవర్లు మార్చేవాడు చెత్త అనుకుని పారవేసేది ఆ షీటునే.

కాగితానికి ఇంత విలువ ఎందుకంటే దొంగ సరుకు బెడద అంతటిది. 1971 ప్లిమత్ హెమీ కుడా కన్వర్టిబుళ్లు తయారైనవి 11 మాత్రమే. వాటిలో ఒకటి 2014లో సియాటిల్‌లో 35 లక్షల డాలర్లు పలికింది. మామూలు ఇంజను కారులో హెమీ ఇంజను బిగించి అసలుదని అమ్మజూపేవారు అక్కడ తక్కువేమీ కాదు. తయారైన హెమీల కన్నా ఇప్పుడు తిరుగుతున్న హెమీలే ఎక్కువన్న ఛలోక్తి అందుకే పుట్టింది.

ఇక హైదరాబాదు సంగతి. ఆరవ నిజాం ఆర్డరు చేసి, ఆయన 1911లో కన్నుమూశాక ఏడవ నిజాం కాలంలో నగరానికి చేరిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. బార్కర్ కంపెనీ కట్టిన బాడీ అది. రోల్స్‌రాయిస్ కంపెనీ పాత కార్ల ఛాసిస్ కార్డులను ఇంగ్లాండులో ఔత్సాహికుల క్లబ్బు ఒకటి భద్రపరిచింది. నిజాముల బండి కనుక దాని వంశవృక్షం నిలిచింది. మామూలు జాగీర్దారు, కాంట్రాక్టరు, డాక్టరు ఇళ్లలోని బండ్లకు ఆ భాగ్యం లేదు. పెద్దాయన పోగానే వారసులు బీరువా దులిపి, పాత బీమా పాలసీలు, సర్వీసు బిల్లులు, కొనుగోలు రసీదులు కిలోల లెక్కన కాగితాలవాడికి వేస్తారు. తర్వాత బండిని ఏ దళారీ చేతిలోనో పెట్టి, అతను చెప్పిన ధరకు తల ఊపుతారు.

చట్టం కూడా ఇప్పుడు కాగితమే అడుగుతోంది. కేంద్రం 2021 జులైలో తెచ్చిన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన వాహనాలకు వింటేజ్ హోదా ఉంది. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండరాదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయల రుసుము. దిగుమతి బండికి బిల్ ఆఫ్ ఎంట్రీ, ఇక్కడ నమోదైన బండికి పాత ఆర్‌సీ జత చేయాలి. ‘వీఏ’ అక్షరాలతో నంబరు వస్తుంది. కిరాయికి తిప్పడానికి వీల్లేదు. పెళ్లి ఊరేగింపుల ఆదాయం లెక్కవేసి ధర చెప్పే అమ్మకందారు ఈ ముక్క ముందే తెలుసుకోవడం మంచిది.

అమ్మదలచినవారు రంగు డబ్బా తెరవకముందే ఇల్లంతా వెతికి కాగితాలు ఒకచోట చేర్చాలి. కారు పక్కన నిలబడి తాతగారు తీయించుకున్న ఫోటో కూడా, నంబరు ప్లేటు కనబడితే, సాక్ష్యమే. ఇంజను ఎప్పుడో మారి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి. బాలానగర్‌లో చేయించిన భాగాల బిల్లులు కూడా ఫైలులో పెట్టాలి. వాటివల్ల ధర కొంత తగ్గవచ్చు, కాని బేరం నిలుస్తుంది. పాత నంబరు చెరిపి కొత్తది పంచ్ కొట్టడం మాత్రం మరమ్మతు కాదు, నేరం. తెలిసీ దానికి మధ్యవర్తిత్వం చేసిన దళారీ కమీషనుతో బయటపడలేడు.

చెడిపోయి మూల పడిన అసలు ఇంజనును ఇనుము ధరకు తూకం వేయించే అలవాటు కూడా మానాలి. తిరగని ఆ దిమ్మ మీద ఛాసిస్‌తో సరిపోయే సంఖ్య ఉంటే, తిరిగే కొత్త ఇంజను కన్నా దానికే బేరగాడు ముందు చేయి చాస్తాడు.