వదులైన చర్మం, బిగుసుకున్న అభిప్రాయాలు

ఆరోగ్య బీమా పాలసీ పత్రాన్ని చివరిదాకా చదివేవాళ్ళు తక్కువ. ఓపిక చేసుకుని చదివితే, మినహాయింపుల జాబితాలో దగ్గర దగ్గరగా రెండు నిబంధనలు కనిపిస్తాయి. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో అన్ని కంపెనీలకూ ఒకే మూసలో ఖరారు చేసిన వాక్యాలవి. మొదటిది ఊబకాయం గురించి. ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 40, ఆపైన ఉంటే బరువు తగ్గించే బేరియాట్రిక్ ఆపరేషన్‌కి డబ్బు రావచ్చు. 35, ఆపైన ఉండి, అదుపులో లేని షుగరో, గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో తోడైనా రావచ్చు. రెండోది కాస్మెటిక్ సర్జరీ గురించి. ప్రమాదం, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత శరీరాన్ని సరిచేయడానికైతే ఇస్తారు. ఆరోగ్యానికి నేరుగా, తక్షణంగా ముప్పు ఉందని డాక్టర్ రాసిస్తే ఇస్తారు. మిగతావాటికి పైసా రాదు.

ఈ లెక్కన 130 కిలోల మనిషి 80కి దిగడానికి బీమా చెయ్యందిస్తుంది. ఆ 50 కిలోలు ఖాళీ చేసి వెళ్ళిన చర్మం మాత్రం అతని సొంత ఖర్చు. జీఎస్టీదీ అదే దారి. వైద్య సేవలకు ఉన్న పన్ను మినహాయింపు అందం కోసం చేసే ఆపరేషన్లకు వర్తించదు.

మన ఇళ్ళలో మాటలూ ఈ రెండు నిబంధనల్లాగే ఉంటాయి. లావు జబ్బు కాబట్టి జాలి. వేలాడే చర్మం గురించి బాధపడితే సోకు కాబట్టి వెటకారం. "అంత తగ్గావు కదే, ఇంకేం కావాలి నీకు?" అంటుంది పెద్దమ్మ. "బట్టల్లో ఎవరికి కనిపిస్తుందిలే" అంటాడు మొగుడు. "నాలుగు నెలలు జిమ్‌కెళ్తే అదే బిగుస్తుంది" అని తమ్ముడి జోస్యం.

ఈ జోస్యం ఫలించదు. చర్మానికి సాగే గుణం ఇచ్చేవి కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే పోగులు. ఏళ్ళ తరబడి సాగదీసిన లాగు ఎలాస్టిక్‌కి మళ్ళీ పట్టు రానట్టే, ఆ పోగులూ ఒక హద్దు దాటాక వెనక్కి రావు. ఎన్నేళ్ళు లావుగా ఉన్నారు, ఎంత తగ్గారు, వయసెంత, పొగ తాగుతారా అన్నదాన్నిబట్టి ఒకరికి కాస్త, ఒకరికి బాగా మిగులుతుంది. వ్యాయామం కింది కండను పెంచుతుంది, పైచర్మాన్ని కత్తిరించదు. క్రీములకు అంత శక్తి లేదు. లైపోసక్షన్ కొవ్వును లాగేస్తుంది తప్ప చర్మాన్ని తీయదు. చర్మం వదులుగా ఉన్నచోట కొవ్వు కూడా లాగేస్తే ఇంకా జారుతుంది. అక్కర్లేని చర్మం పోవాలంటే కోసి తీయడం ఒక్కటే దారి.

ఇంతకీ ఆ చర్మం ఏం చేస్తుంది? మే నెలలో విజయవాడలో పొట్ట మడత కింద చెమట ఆరదు. ఒరుసుకుపోతుంది, దురద పెడుతుంది, ఫంగస్ పడుతుంది, వాసనొస్తుంది. పౌడర్ చల్లి, మెత్తటి నూలుగుడ్డ మడతలో పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళేవాళ్ళున్నారు. లంగా బొందు మడత పైన కడితే జారుతుంది, కింద కడితే కోసుకుపోతుంది. బరువు తగ్గాడని అందరూ మెచ్చుకున్న మగమనిషి గృహప్రవేశంలో ఉత్తరీయంతో పీటల మీద కూర్చోవాల్సి వస్తే, జారిన ఛాతీ దాచుకోవడానికి వ్రతమంతా కండువా సర్దుకుంటూనే ఉంటాడు. వీటిలో ఏది జబ్బు, ఏది సోకు అని గీత గీయమంటే నావల్ల కాదు. ఒకే మడత పొద్దున పుండు, సాయంత్రం సిగ్గు.

అందుకే "ఇది అవసరమా, అందమా?" అనే ప్రశ్న దగ్గర ఆగిపోవడం దండగ. దాని బదులు రెండు ప్రశ్నలు వేసుకుంటే మేలని నా అభిప్రాయం. ఈ చర్మం వల్ల నాకు ఆగిపోతున్న పని ఏమిటి? అది పోతే వచ్చే మచ్చతో బతకగలనా?

రెండో ప్రశ్నను మార్కెట్ మనల్ని అడగనివ్వదు. ప్రకటనల్లో ముందు ఫొటో, తర్వాత ఫొటో ఉంటాయి. నిజంగా జరిగేది మార్పిడి: మడత ఇచ్చి గీత తెచ్చుకుంటాం. పొట్టకి చేసే ఆపరేషన్‌లో ఒక తుంటి నుంచి ఇంకో తుంటి దాకా కోత పడుతుంది. బొడ్డును ఉన్నచోటే ఉంచి, కిందికి లాగిన చర్మంలో దానికి కొత్త రంధ్రం చేస్తారు. ఆ గీత లంగా బొందు కింద దాగుతుంది. చేతులది అలా కాదు, చంక నుంచి మోచేతి దాకా లోపలివైపు నిలువుగా ఉంటుంది, పొట్టి చేతుల జాకెట్టులో కనబడుతుంది. పైగా మన చామనఛాయ చర్మానికి మచ్చలు ఉబ్బే గుణం తెల్లవాళ్ళ కంటే ఎక్కువ. చిన్నప్పటి బీసీజీ టీకా మచ్చ, చెవులు కుట్టిన చోటు, పాత కోతలు ఎలా మానాయో చూసుకుంటే ఒక అంచనా దొరుకుతుంది. అవి గట్టిపడి కీలాయిడ్లుగా పెరిగి ఉంటే ఆ సంగతి సర్జన్‌కి ముందే చెప్పాలి.

మా బంధువుల్లో ఒకావిడ పొట్ట ఒక్కటే చేయించుకుని చేతులు వదిలేసింది. "మోచేతుల దాకా జాకెట్టు కుట్టించుకుంటే సరిపోయేదానికి కత్తెందుకు?" అంది. పొట్ట మడత ఆవిడని మెట్లెక్కనివ్వలేదు, కింద కూర్చోనివ్వలేదు. చేతులు ఆవిడని దేనికీ ఆపలేదు. ఇంత తేటగా ఆలోచించినవాళ్ళను నేను ఎక్కువమందిని చూడలేదు. పొట్ట, చేతులు, తొడలు, ఛాతీ అన్నీ కలిపి ప్యాకేజీ, పైన ఈఎంఐ అని ఎవరైనా ఊరిస్తే ఆవిడ మాట గుర్తు తెచ్చుకోవచ్చు. అన్నీ ఒక్కరోజే చేస్తే మత్తులో ఉండే గంటలు పెరుగుతాయి, నెత్తురు పోయేదీ పెరుగుతుంది. అనుభవమున్న సర్జన్లు విడతలుగా చేద్దామనడానికి కారణం అదే.

ప్రమాదం సంగతీ దాచకూడదు. 2015 జూన్‌లో నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో చనిపోయినప్పుడు, అంతకు కొన్ని వారాల ముందు ఆమె లైపోసక్షన్ చేయించుకున్నారన్న వార్త తెలుగువాళ్ళను కలవరపెట్టింది. ఇప్పటికీ ఈ మాటెత్తితే ఎవరో ఒకరు ఆమెను తలుచుకుంటారు. ఒక్క ఉదంతంతో ఏ ఆపరేషన్‌నీ తూచలేం. కానీ భయానికి ఆధారం లేదనీ అనలేం. కాళ్ళలో గడ్డకట్టిన నెత్తురు ఊపిరితిత్తులకు చేరడం అన్నింటికంటే పెద్ద ముప్పు. కోత కింద నీరు చేరడం, కుట్లు విడిపోవడం, చీము పట్టడం అంతకంటే తరచుగా జరిగేవి. పొగ తాగేవాళ్ళకు నికోటిన్ వల్ల రక్తనాళాలు ముడుచుకుని చర్మం అంచు నల్లబడి చచ్చిపోవచ్చు. కనీసం నాలుగు వారాల ముందే మానెయ్యమని అందుకే అంటారు. బేరియాట్రిక్ ఆపరేషన్ అయినవాళ్ళు తినేది కొంచెం. ప్రొటీన్, ఐరన్, బీ12 తక్కువైతే గాయం మానదు. రక్తపరీక్షలు చూడకుండానే తేదీ ఇచ్చే చోటికి రెండోసారి వెళ్ళనక్కర్లేదు.

తేదీ దగ్గరే మనవాళ్ళు తొందరపడతారు. బేరియాట్రిక్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగాలి, అందులో చివరి ఆరు నెలలైనా బరువు ఒకచోట నిలబడాలి అన్నది సర్జన్లు సాధారణంగా పాటించే లెక్క. పిల్లల్ని కనాలనుకునే ఆడవాళ్ళు పొట్ట ఆపరేషన్‌ని కాన్పుల తర్వాతికి వాయిదా వేసుకోవడం మంచిది. ఇప్పుడు బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో మన దేశపు మార్కెట్లోకి దిగాయి. వీటితో తగ్గినా, బాగా తగ్గితే చర్మం మిగులుతుంది. పైగా వెగోవీలో ఉండే సెమాగ్లూటైడ్ మానేసినవాళ్ళ మీద జరిగిన ఒక అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. మందు కొనసాగిస్తారా, ఆపుతారా తేలకముందే చర్మం కోయించుకుంటే, మళ్ళీ సాగడానికి చోటు చేసిపెట్టినట్టే.

ముహూర్తం పెట్టుకుని ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళు ఇంకోరకం. పెళ్ళిచూపుల లోపు, అమెరికా ప్రయాణం లోపు అయిపోవాలంటారు. మచ్చ ఎర్రదనం తగ్గి చదునవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. ఎవరో వచ్చి చూసి ఒప్పుకోవడం కోసం చేయించుకునే ఆపరేషన్‌కి ఫలితం సర్జన్ చేతిలో ఉండదు. తగ్గాక కూడా అద్దంలో పాత మనిషే కనబడుతున్నవాళ్ళకు కత్తి కంటే ముందు కౌన్సెలర్ అవసరం. ఆ పాత మనిషి ఉన్నది పొట్ట మీద కాదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? బోర్డు మీద కాస్మెటాలజీ అని ఉండటం అర్హత కాదు. ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉండాలి, ఆపరేషన్ ఐసీయూ ఉన్న ఆసుపత్రిలో జరగాలి. తమ పేషెంట్ల మచ్చలు ఆరు వారాలకూ ఏడాదికీ ఎలా ఉన్నాయో ఫొటోలు చూపించమని అడగండి. "చేయించుకోకపోతే ఏమవుతుంది?" అని కూడా అడగండి. "ఏమీ కాదు, ఇలాగే బతకొచ్చు" అని నిజం చెప్పగలిగిన డాక్టర్ని నమ్మవచ్చు.

బీమా విషయంలో నాది ఒక్కటే ఫిర్యాదు. "తక్షణ ముప్పు" అన్న షరతు మరీ ఇరుకు. మడత కింద ఏడాదికి నాలుగుసార్లు పుండు పడే మనిషి ప్రాణానికి తక్షణ ముప్పేమీ లేదు. అంతమాత్రాన అది సోకు అయిపోదు. అమెరికాలో చాలా బీమా సంస్థలు, పొట్ట మడత బాగా కిందికి వేలాడి, మూడు నెలలు మందులు వాడినా పుండ్లు తగ్గకపోతే ఆ మడత తీయడానికి డబ్బిస్తాయి. కొలవదగ్గ షరతు అది. మన దగ్గరా అలాంటిది పెడితే, నిజంగా బాధపడేవాళ్ళు సిగ్గుపడకుండా అడగగలుగుతారు. అందం కోసమే చేయించుకునేవాళ్ళు తమ డబ్బుతో, తమ ఇష్టంతో చేయించుకుంటారు, అందులో తప్పు పట్టాల్సిందీ లేదు. వద్దనుకుని ఆ మడతలతోనే హాయిగా బతికేవాళ్ళు కూడా ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

ఇక చుట్టూ ఉన్నవాళ్ళ పాత్ర. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళు వారం పదిరోజులు నడుం వంచుకునే నడుస్తారు. పక్కన డ్రెయిన్ గొట్టాలు, ఒంటికి బిగుతు బెల్టు. ఆరు వారాలు బరువెత్తకూడదు. ఆ ఆరు వారాలూ నీళ్ళ బిందె ఎవరు మోస్తారు, చంటిపిల్లను ఎవరు ఎత్తుకుంటారు, గ్యాస్ బండ ఎవరు మారుస్తారు అన్నది ఆపరేషన్‌కి ముందే తేలాలి. "నేను మోస్తాను" అని ముందుకొచ్చినవాళ్ళకు "నీకెందుకే ఇది?" అని అడిగే హక్కు కాస్త ఉంటుందేమో. మిగతావాళ్ళు తమ అభిప్రాయం తమ దగ్గరే ఉంచుకోవచ్చు.