పురుగుకి ఇంటిపేరు ఎందుకంటే...

"రెక్కల పురుగుల్లో కొత్త ప్రజాతట! పనీపాటా లేదా వీళ్ళకి?" అని మొన్న లంచ్‌లో మావాళ్ళు ఒకటే నవ్వు. వేరియబుల్ పేరు కోసం గంటసేపు కొట్టుకునేది మనమే కదా బాబూ!

వికారాబాద్ దాటి తాండూరు వైపు వెళ్తే కందిచేలే. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపొచ్చింది. దాని కాయ తొలిచే శనగపచ్చ పురుగుని ఒకప్పుడు హీలియోథిస్ అనేవారు. 1965లో హార్డ్‌విక్ అనే ఆయన ఆ పురుగుల జననాంగాలు పోల్చి చూసి, హెలికోవెర్పా అని వేరే ప్రజాతి కట్టాడు. ప్రజాతంటే ఇంటిపేరే. అమెరికాలో మొక్కజొన్న పొత్తులు తినే పురుగు దీని దాయాది అని ఆ పేరే చెప్తుంది. పాత పేరు తెలీకుండా వెతికితే పాత పరిశోధన సగం దొరకదు.

ఉత్త పేరేగా అంటారా? 1987లో కోస్తా పత్తిలో ఇదే పురుగు పైరెత్రాయిడ్ మందులకి లొంగక రైతుల్ని ముంచింది. బగ్ ఏదో తెలీకుండా ప్యాచ్ వేస్తే మన మేనేజరే ఊరుకోడు. రైతు మాత్రం ఏ పురుగో తెలీకుండా మందు కొట్టాలా?